నిద్రపోతేనే హాజరు

చలన కేంద్రానికి వేలిముద్రల యంత్రం వచ్చిన రోజున సూపరింటెండెంట్ కోదండపాణి గారు దానికి పసుపు రాయించి, బంతిపూల దండ వేయించి, కొబ్బరికాయ కొట్టించారు. బొట్టు ఎక్కడ పెట్టాలన్న దగ్గర కాసేపు తర్జనభర్జన జరిగింది. ముఖం ఎక్కడుంటే బొట్టు అక్కడే గనక, వేలు ఆనించే గాజుబిళ్ళ మీదే పెట్టమని ఆయన తేల్చారు. ఆ కుంకుమ తుడిచి, యంత్రానికి మళ్ళీ చూపు తెప్పించేసరికి భోజనాల వేళయింది.

కేంద్రం పూర్తి పేరు బాలల చలన నైపుణ్య పునరావాస కేంద్రం. కాలవగట్టు రోడ్డు మీద, పొడవాటి ప్రహరీ గోడ వెనక ఉంటుంది. పుట్టేటప్పుడే మెదడుకు దెబ్బ తగిలి, కాళ్ళూ చేతులూ బిగుసుకుపోయిన పిల్లలకు అక్కడ కూర్చోవడం, నిలబడడం, గ్లాసు పట్టుకోవడం, అడుగు వెయ్యడం నేర్పుతారు. డాక్టర్లు ఆ జబ్బును సెరిబ్రల్ పాల్సీ అంటారు. తల్లులకు అంత తీరిక ఉండదు కాబట్టి సీపీ అంటారు.

మణిమాల కూతురు తన్వితకు ఐదేళ్ళు. మాట కాస్త సాగుతుంది, బుర్ర మాత్రం తల్లికంటే చురుకు. చేతులు గుప్పిళ్ళు పడిపోయి ఉంటాయి. బొటనవేళ్ళు ఆ గుప్పిళ్ళ లోపల దాక్కుంటాయి. కాళ్ళు మునివేళ్ళ మీద లేచి ఉంటాయి. కేంద్రంలో నడుమెత్తున సమాంతరంగా బిగించిన రెండు ఇనప కమ్ములున్నాయి. వాటి మధ్య నిలబెట్టి, థెరపిస్టు ఎస్తేరు రాణి ఏడాదిగా చేయించగా చేయించగా, ఆ మధ్యనే తన్విత మడమ నేలకు ఆనింది. కమ్ములు ఊతంగా అడుగులు పడుతున్నాయి. "ఇప్పుడు గనక ఆపేశామంటే మడమ మళ్ళీ పైకి లేచిపోద్దండి. పిల్ల ఎదిగే వయసు కదా, కండ కురచైపోద్ది. ఆ తర్వాత ఆపరేషనే," అని ఎస్తేరు రాణి ముందే చెప్పి ఉంచింది. మణిమాలకు ఈ ప్రపంచంలో కావలసిందల్లా ఆ మడమ కిందికి ఉండడం. కోరిక చిన్నదే.

యంత్రం కళ్ళు తెరిచిన మర్నాడు గుమ్మం దగ్గరే కోదండపాణి గారు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు.

"ఉన్నతాధికారుల ఆదేశాల మేరకు, ఇకపై లబ్ధిదారు తన బొటనవేలును యంత్రంపై సమతలముగా ఉంచిన పిమ్మటే చికిత్సకు అర్హత పొందును," అన్నారు. ఆయన ఇంట్లో ఉప్పు అడిగినా ఇలాగే అడుగుతారని కేంద్రంలో వాడుక.

"దీని బొటనవేలు గుప్పిట్లో ఉందండీ," అంది మణిమాల.

"బయటికి తీయండి."

"అది తియ్యడం నేర్పించడానికేనండీ ఇక్కడికి తెస్తున్నది."

"అది చికిత్సకు సంబంధించిన అంశం. ఇది హాజరుకు సంబంధించిన అంశం. రెంటినీ కలిపితే పాలన కుంటుపడుతుంది."

కుంటుపడడమంటే ఏమిటో తెలిసిన పిల్లలందరూ వరసగా కూర్చుని ఆయన వంక చూశారు.

మణిమాల కూతురి వేలును మెల్లగా లాగి గాజుబిళ్ళ మీద పెట్టబోయింది. యంత్రంలోంచి ఒక ఆడగొంతు, "దయచేసి వేలు సరిగా ఉంచండి!" అని గట్టిగా అరిచింది. తన్విత ఉలిక్కిపడింది. ఉలిక్కిపడితే ఈ పిల్లల ఒళ్ళు ఇంకా బిగుస్తుంది. తెరుచుకోబోయిన గుప్పిట టప్పున మూసుకుంది. యంత్రం మళ్ళీ అరిచింది. పిల్ల మళ్ళీ బిగిసింది. వీళ్ళిద్దరూ ఎంతకైనా తెగించేలా ఉన్నారని మణిమాలే పిల్లను వెనక్కి తీసుకుంది.

పక్కనే సూరాయమ్మ గారు మనవడు వీరబాబును చంకనెత్తుకుని వంతు కోసం నిలబడి ఉంది. "మరైతే ఆడి బదులు నా ఏలు ఎయ్యనా బాబూ? ఓటుకీ పింఛనుకీ ఇదే ఏలండి. ఎప్పుడూ తప్పుపోలేదు," అంది.

"మీకు సెరిబ్రల్ పాల్సీ ఉన్నదా?"

"నాకెందుకండీ? నాకు మోకాళ్ళ నెప్పులు."

"అయితే మీరు ఈ పథకం పరిధిలోకి రారు," అన్నారు కోదండపాణి గారు సానుభూతితో.

ఆ వారమంతా వరండాలో గుప్పిళ్ళు బిగించిన పిల్లలు, నుదురు కొట్టుకునే తల్లులు. లోపల ఖాళీ హాల్లో, ఖాళీ కమ్ముల పక్కన ఎస్తేరు రాణి ఒక్కతే కూర్చుని గోళ్ళు చూసుకునేది. పిల్లల్ని లోపలికి రానియ్యండి సార్ అంటే, హాజరు లేని పిల్లవాడికి చికిత్స చేస్తే చేసిన చికిత్స ఎవరికి చేసినట్టని ఆయన ఎదురు ప్రశ్న వేశారు.

ఆ తర్వాత జరిగిన ఘోరానికి కారణం మణిమాలే. ఆ సంగతి ఆమె ఎక్కడా దాచుకోలేదు. దాచుకుందామన్నా కేంద్రంవాళ్ళు దాచుకోనివ్వలేదు.

ఆ రోజు దారిలో కాలవ వంతెన దగ్గర ఆటో ఆగిపోయింది. డ్రైవరు దాన్ని బాగుచేసే లోపల చల్లగాలికి తన్విత తల్లి ఒడిలో నిద్రపోయింది. నిద్రలో ఈ పిల్లల ఒళ్ళు మైనంలా మెత్తబడుతుంది. గుప్పిట దానంతటదే విడివడి, బొటనవేలు బయటికొచ్చి, తొలిసారి ఊరు చూస్తున్నట్టు ఒక పక్కకు వాలి ఉంది. మణిమాల కేంద్రం గుమ్మంలో ఆగి, ఊపిరి బిగబట్టి, ఆ వేలును గాజుబిళ్ళ మీద ఆనించింది.

"ధన్యవాదాలు," అంది యంత్రం.

వరండా అంతా లేచి నిలబడింది. సూరాయమ్మ గారు యంత్రానికి దణ్ణం పెట్టేసింది.

మర్నాటి నుంచి తల్లులు పిల్లల్ని నిద్రపుచ్చి తేవడం మొదలెట్టారు. సూరాయమ్మ గారు బయల్దేరేముందు వీరబాబుకి కడుపునిండా పెరుగన్నం పెట్టేది. కొందరు గేటు బయట చెట్టుకింద కూర్చుని జోకొట్టేవారు. వేలు పడగానే పిల్లల్ని లేపి, ఎస్తేరు రాణికి అప్పగించేవారు. నిద్ర చెడినందుకు పిల్లలు కాసేపు రాగాలు తీసినా, పని జరిగేది. తన్విత మళ్ళీ కమ్ముల మధ్య నిలబడింది. అంతటితో ఆగి ఉంటే ఈ కథ రాయవలసిన పని లేకపోయేది.

ఒక సాయంత్రం మణిమాల దోసె తిరగేస్తుండగా ఫోను మోగింది.

"నమస్కారం. సూపరింటెండెంటును మాట్లాడుతున్నాను. మీ అమ్మాయి ఇంకా మా కేంద్రంలోనే ఉన్నది."

మణిమాల వెనక్కి తిరిగి చూసింది. తన్విత పీట మీద గోడకి ఆనుకుని, దోసె కోసం నోరు తెరిచి ఉంది.

"ఇక్కడే ఉందండీ. టిఫిను తింటోంది."

"అట్లు ఉండుటకు వీలులేదు. ఆమె ఉదయం లోపలికి వచ్చినట్లు ముద్ర ఉన్నది. బయటికి వెళ్ళినట్లు ముద్ర లేదు. నేటినుంచి రెండు ముద్రలూ ఉండాలని పైనుంచి వచ్చింది. కేంద్రంలో ఉన్న లబ్ధిదారుకు రాత్రి భోజనం ఎవరు పెడుతున్నారు?"

"నేనేనండీ. దోసె."

"బయటి ఆహారం నిషేధం," అని ఆయన ఫోను పెట్టేశారు.

మర్నాడు అందరికీ విషయం తేటతెల్లమైంది. వెళ్ళేటప్పుడూ వేలు పడాలి. వేలు పడాలంటే పిల్ల నిద్రపోవాలి. గంటసేపు కాళ్ళూ చేతులూ ఆడించి ఒళ్ళు వేడెక్కిన పిల్ల, వెళ్ళే వేళకు నిద్రపొమ్మంటే పోతుందా? వీరబాబు బయటికి వెళ్ళినట్టు ముద్ర పడక, కాగితాల ప్రకారం కేంద్రంలోనే కాపురం పెట్టేశాడు. తన్విత కూడా అంతే. ఇంతమంది లోపల ఉండగా గేటుకి తాళం ఎలా వేస్తారని వాచ్‌మన్‌కి మెమో వెళ్ళింది.

కోదండపాణి గారు సిబ్బందిని సమావేశపరిచారు.

"సమస్య మూలం ఏమిటి? లబ్ధిదారుడు మధ్యలో మేల్కొనుట. మేల్కొనకపోతే లోపలి ముద్ర, బయటి ముద్ర రెండూ నిర్విఘ్నంగా పడును. కావున ఇకపై ఎవరూ పిల్లలను లేపరాదు."

"లేపకుండా థెరపీ ఎలా చేస్తాం సార్?" అంది ఎస్తేరు రాణి.

"లేవకుండా చేయండి."

"నిద్రపోయే పిల్లని నడిపించమంటారా?"

"నడక అనునది అంతిమ లక్ష్యం. మనం ప్రస్తుతం ప్రాథమిక దశలో ఉన్నాం."

పదిరోజులు తిరిగేసరికి కేంద్రం రూపురేఖలు మారిపోయాయి. కిటికీలకు నీలం కర్టెన్లు దిగాయి. నడకకోసం బిగించిన ఇనప కమ్ములకు వరసగా చీరె ఉయ్యాలలు వేలాడాయి. పిల్లల్ని కూర్చోబెట్టే పెద్ద రబ్బరు బంతుల్లో గాలి తీసి తలగడలు చేశారు. సిబ్బంది చెప్పులు విప్పి మునివేళ్ళ మీద నడవాలని ఆదేశమైంది. ఆ విధంగా పిల్లలకు మాన్పించవలసిన నడకను పెద్దలందరూ నేర్చుకున్నారు. ఎస్తేరు రాణి హోదాను నిద్రా సమన్వయకర్తగా మార్చి, ఆమెకు ఒక విసనకర్ర, జోలపాటల పెట్టె ఇచ్చారు. పిల్లలెవరైనా కదిలితే "అవాంఛిత చలనం" అని రాయాలి. వీరబాబు ఒకరోజు నిద్రలో బోర్లాపడ్డాడు. పుట్టాక వాడు తనంతట తాను బోర్లాపడడం అదే మొదటిసారి. సూరాయమ్మ గారికి సంజాయిషీ నోటీసు ఇచ్చారు.

"నా మనవడు బోర్లాపడ్డాడని నోటీసేంటండి బాబూ! మా ఇంట్లో ఐతే బొబ్బట్లు పంచుతాం, ఆయ్!" అని ఆవిడ గేటు దగ్గర గుండెలు బాదుకుంది.

హాజరు నూటికి నూరు. రాష్ట్రంలో మరే కేంద్రానికీ అంత లేదని పైనుంచి ప్రశంస వచ్చింది. ఈ విధానాన్ని కనిపెట్టిన మాతృమూర్తిగా మణిమాలకు శాలువా కప్పారు. పిల్లలు నిద్రలేస్తారని చప్పట్లు కొట్టలేదు. అందరూ చేతులు గాల్లో ఊపారు. శాలువాతో ఇంటికొచ్చిన భార్యను చూసి భర్త ముసిముసిగా నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆ సాయంత్రం తన్వితను గోడకి ఆనించి నిలబెట్టి, కాళ్ళ వంక చూసింది. మడమ కింద చీపురుపుల్ల దూరే సందు ఉంది. వారం తర్వాత చూస్తే వేలు దూరింది.

పగలంతా నిద్రపోయిన పిల్ల రాత్రి నిద్రపోదు. "అమ్మా, నడుద్దాం," అనేది. ఆ వేళప్పుడు ఎక్కడ నడిపించను, పడుకోమ్మా అనేది మణిమాల. "పొద్దున్న పడుకోమంటావ్, రాత్రీ పడుకోమంటావ్. మరి నడిచేదెప్పుడు?" అని ఆ పిల్ల ఒక్కో మాటా సాగదీస్తూ అడిగింది. కేంద్రంలో ఎవరికీ తట్టని ప్రశ్న అది.

ఆమె కోదండపాణి గారి దగ్గరికి వెళ్ళి బతిమాలింది. "దానికి హాజరు వద్దండీ. గైర్హాజరు వేసెయ్యండి. గంటసేపు ఆ కమ్ముల దగ్గర వదిలెయ్యండి చాలు."

"హాజరు కాని వ్యక్తి కమ్మి పట్టుకుంటే, ఆ కమ్మిని ఎవరు పట్టుకున్నట్లు?"

"తన్విత పట్టుకున్నట్టండీ."

"ఆమె రాలేదు గదా!"

మణిమాల తల ఊపి వచ్చేసింది. వాదనలో ఆయన్ని గెలవాలంటే ఆయనంత చదువు చదవాలి, లేదా ఏమీ చదవకుండా ఉండాలి. ఆమె బీఏ దగ్గర ఆగింది.

జాయింట్ డైరెక్టరు గారు స్వయంగా వచ్చి కేంద్రానికి జ్ఞాపిక ఇచ్చే రోజు వచ్చింది. ఆ ఉదయం మణిమాల పెరుగన్నం పెట్టలేదు. తన్వితకు ఇష్టమైన ఆవకాయ అన్నం పెట్టి, దారి పొడుగునా ఆటోలో కబుర్లు చెప్పించి, కళ్ళు మిలమిల్లాడే పిల్లను చంకనెత్తుకుని గుమ్మంలో దిగింది. యంత్రం, "దయచేసి వేలు సరిగా ఉంచండి!" అని అరిచింది. "నువ్వు నోరు ముయ్యి," అంది తన్విత. మణిమాల దాన్ని దాటుకుని లోపలికి నడిచింది.

హాల్లో చీకటి. కమ్ములకు ఉయ్యాలలు. జాయింట్ డైరెక్టరు గారు మునివేళ్ళ మీద తిరుగుతూ గుసగుసగా మెచ్చుకుంటున్నారు. "అద్భుతం కోదండపాణీ! పిల్లలున్న చోట ఇంత క్రమశిక్షణ నా సర్వీసులో చూడలేదు. చలనం మీద సంపూర్ణ అదుపు సాధించారు."

"తమరి దీవెన సార్," అన్నారు ఆయన ఇంకా గుసగుసగా.

కమ్ముల చివర కాస్త జాగా ఉంది. మణిమాల తన్వితను అక్కడ నిలబెట్టింది. పిల్ల మణికట్లు కమ్ములకు ఆనించి, వెనక నుంచి నడుం పట్టుకుంది. తన్విత ఒళ్ళంతా వణికింది. మునివేళ్ళ మీద లేచింది. కాలు కత్తెరపడి రెండో కాలికి తగులుకుంది. విడిపించుకుంది. అడుగు వేసింది. దారికి అడ్డొచ్చిన ఉయ్యాలను నుదుటితో తోసి మరో అడుగు వేసి, పగలబడి నవ్వింది. ఉయ్యాల్లో వీరబాబు కళ్ళు తెరిచి వాడూ నవ్వు అందుకున్నాడు. ఒక్కొక్క ఉయ్యాలా కదిలింది. ఎస్తేరు రాణి విసనకర్ర కింద పడేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

జాయింట్ డైరెక్టరు గారు నిలువునా నీరైపోయారు. "ఎవరీ అమ్మాయి? నడుస్తోందే!"

కోదండపాణి గారు యంత్రం దగ్గరికి పరుగెత్తి, చూసి, ఊపిరి పీల్చుకుని వెనక్కి వచ్చారు. "కంగారు పడనక్కర్లేదు సార్. ఈ అమ్మాయి గైర్హాజరు."

"అంటే ఇక్కడ లేదా?"

"లేదు సార్."

"లేకపోతే ఇబ్బంది లేదు," అన్నారు జాయింట్ డైరెక్టరు గారు. తన్విత తన ముందునుంచి వెళ్ళడానికి కాస్త పక్కకు జరిగి దారి ఇచ్చారు కూడా. జ్ఞాపిక ప్రదానం నిర్విఘ్నంగా జరిగింది. లేని పిల్లనూ, ఉన్న తల్లినీ మర్యాదగా గేటు బయటికి సాగనంపారు.

వెనకే ఎస్తేరు రాణి వచ్చింది. భోజనం డబ్బా చేతిలోనే ఉంది.

"మణిమాల గారూ, గైర్హాజరైన పిల్లలకి లోపల థెరపీ చెయ్యకూడదని ఉందండి ఆర్డర్లో. బయట సంగతి ఏమీ లేదు. నా భోజనం గంట నా ఇష్టం కదా."

అప్పటినుంచి మధ్యాహ్నం పూట ప్రహరీ గోడ నీడలో చాపలు పరుచుకున్నాయి. సూరాయమ్మ గారు మనవణ్ణి ఉయ్యాల్లోంచి ఎత్తుకొచ్చేసింది. "మాకొద్దండి మీ అజరు. మా వోడు ఇక్కడ బోర్లాపడతాడు, ఎల్లకిలా పడతాడు, ఆడిష్టం," అంది. చూస్తుండగానే మిగతా తల్లులూ వచ్చేశారు. గోడ పట్టుకుని నిలబడేవాళ్ళు కొందరు, తల్లి భుజాలు పట్టుకుని వేళ్ళాడేవాళ్ళు కొందరు. గోడకి పట్టు దొరకదు. తన్విత గుప్పిటకు కమ్మి కావాలి. అదొక్కటే లోటు. మడమ ఇంకా దిగలేదు.

లోపల ఉయ్యాలలు ఖాళీ అయ్యాయి. కోదండపాణి గారు కంగుతినలేదు. పక్క వీధి అంగన్‌వాడీ నుంచి ఒంట్లో ఏ నలతా లేని పిల్లల్ని పిలిపించి, పేర్లు నమోదు చేయించి, ఉయ్యాలల్లో పడుకోబెట్టించారు. వాళ్ళు మెలకువగా ఉన్నా వేలు పడింది. నెల తిరగకుండా ప్రతి ఒక్కరూ పరుగెత్తగలుగుతున్నారని నివేదిక వెళ్ళింది. చికిత్స ఇంత త్వరగా ఫలించిన కేంద్రం మరొకటి లేదని రెండో జ్ఞాపిక వస్తోందన్నారు. ఒక్కటే చిక్కు. ఈసారి వచ్చే అధికారులకు గోడ పక్కన, కేంద్రంతో సంబంధం లేని పిల్లలు నడవలేక అవస్థపడుతూ కనిపిస్తే చూడ్డానికి బాగుండదు.

ఒక ఉదయం గోడ మీద "ఇచ్చట నడచుట నిషేధము" అని బోర్డు వెలిసింది. చాపలు పరవకుండా గోడ వెంబడి ఈ చివర నుంచి ఆ చివరకు రెండు వరసల స్తంభాలు పాతించి, వాటికి అడ్డంగా ఇనప గొట్టాలు బిగించారు. నున్నగా, గట్టిగా, వెండిరంగు వేసి ఉన్నాయి. రెండు వరసల మధ్యా ఒక మనిషి పట్టేంత సందు.

తల్లులు నోళ్ళు తెరుచుకుని చూశారు. ఎస్తేరు రాణి ఒక గొట్టాన్ని పట్టుకుని ఊపి చూసింది. అది కదల్లేదు. ఆ ఎత్తును తన్విత పక్కన తన చేత్తో కొలిచి, పెదవి విరిచింది. "పిల్ల గడ్డం దగ్గరికొస్తోందండి. నడుం దాకా దించితేనా..."

మణిమాల పమిట సర్దుకుని, తన్వితను చంకనెత్తుకుని, తిన్నగా కోదండపాణి గారి గదికి వెళ్ళింది.

"ఆ గొట్టాలు పాతించి చాలా మంచి పని చేశారండీ. కానీ ఎత్తుగా ఉన్నాయి. మా పిల్లలు పొట్టివాళ్ళు కదా, కింది నుంచి దూరిపోయి నడిచేస్తారేమోనని భయంగా ఉంది."

కోదండపాణి గారు కుర్చీలోంచి లేచారు. ఆమెలో ఇంత పౌరబాధ్యత ఉందని ఊహించలేదన్నారు. ఎంత ఎత్తులో ఉంటే అతిక్రమణకు ఆస్కారం ఉండదో సెలవియ్యమన్నారు. తన్విత నడుం దగ్గర మణిమాల అరచెయ్యి ఆనించి చూపించింది.

సాయంత్రానికల్లా మనుషులు వచ్చి గొట్టాలు దించారు. అంగుళం తేడా రాకుండా ఆయనే దగ్గరుండి టేపుతో కొలిపించారు. గేటులో నిలబడి, పని ఎంత పక్కాగా జరిగిందో తృప్తిగా చూసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, మునివేళ్ళ మీద లోపలికి వెళ్ళిపోయారు.

మణిమాల తన్వితను రెండు వరసల మధ్య నిలబెట్టింది. పిల్ల కాసేపు గొట్టం వంక చూసింది. ఎవరూ అరవలేదు, ఎవరూ ధన్యవాదాలు చెప్పలేదు. గుప్పిట నెమ్మదిగా విచ్చుకుంది. బొటనవేలు బయటికొచ్చి, గొట్టం చుట్టూ తిరిగి, గట్టిగా పట్టుకుంది.

"కాలు దింపమ్మా," అంది ఎస్తేరు రాణి, నేల మీద మోకాళ్ళేసి. "ఇంకా... ఇంకొంచెం..."